ఆరో తలుపు కింద సందు

మా అత్త ఏటి మొగ దగ్గర తలుపులు తిప్పే ఉద్యోగం చేసేది. తలుపులంటే ఇంటి తలుపులు కావు. ఏరు సముద్రంలో కలిసే చోటికి మైలు దూరం ఇవతల, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక వంతెన ఉంది. దాని కింద తొమ్మిది ఇనుప పలకలు, ఒక్కో పలకకీ వంతెన మీద ఒక చక్రం. చక్రం ఒకవైపు తిప్పితే పలక లేస్తుంది, రెండోవైపు తిప్పితే దిగుతుంది. ఆఫీసు కాగితాల్లో వాటిని గేట్లనేవారు. అందుకే అందరికీ ఆమె గేటమ్మ. ఆమె మాత్రం చివరిదాకా తలుపులనే అంది.

రోజుకి రెండుసార్లు సముద్రం పోటెత్తి, ఏటిలోకి వెనక్కి ఎక్కి వస్తుంది. ఆ ఉప్పునీరు కాలువల్లో పడితే చేలు మాడిపోతాయి. కాబట్టి తలుపులు ఎప్పుడూ దించే ఉంచాలి. లోపల నీరు గోడ మీది ఎర్రగీత దాటితే, పాటులో, అంటే సముద్రం వెనక్కి తగ్గిన వేళ, ఒకటో రెండో ఎత్తి మిగులు నీరు వదిలి మళ్ళీ దించెయ్యాలి. పూటపూటకీ లోపలి మట్టం, బయటి మట్టం రిజిస్టర్లో రాయాలి. పని అంతే.

మొదట ఆ పని మా మావయ్యది. ఒక ఉదయం నాలుగో చక్రం దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. అప్పటికి అత్తకి ముప్పై ఒక్క ఏళ్ళు, పిల్లల్లేరు. ఆఫీసువాళ్ళు ఆ పని ఆమెకే ఇచ్చారు, ఆడమనిషి వల్ల అవుతుందా అని గొణుక్కుంటూనే. మొదటి ఏడాది ఆమె అరచేతులు పొక్కి పగిలి రక్తం వచ్చేవట. రెండో ఏడాదికి కాయలు కాశాయి. నాకు ఊహ తెలిసేసరికి, వీధిలో ఎవరింట్లో సీసా మూత బిగుసుకుపోయినా అత్త దగ్గరికే తెచ్చేవారు. మగవాళ్ళు కూడా తెచ్చేవారు, కాకపోతే వాళ్ళావిడ పంపిందని చెప్పేవారు.

వంతెన చివర ఆమెకో గది ఉండేది. ఒక మంచం, ఒక బల్ల, గోడ గడియారం, పోటు వేళల కాగితం, మూల గ్రీజు డబ్బా. కిటికీలు రెండు. ఒకటి లోపలి ఏటికి, రెండోది బయటి మొగకి. లోపలివైపు కాలువ పక్కన మా నాన్న వ్యవసాయం. ఆయన అత్తకి సొంత అన్న. బయటివైపు ఇసుకదిబ్బ మీద ఆమె మరిది ఇల్లు. ఆయన చేపలు పట్టేవాడు. నేను ఆయన్ని వలల మావయ్య అని పిలిచేదాన్ని.

మా ఇంట్లో అత్తంత ఖాయంగా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. గీతంటే గీత, వేళంటే వేళ. మేం ఎటూ తేల్చుకోలేని సంగతులు ఆమె దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. నేను పైచదువు చదవాలా వద్దా అన్నది కూడా ఆమె చక్రానికి గ్రీజు పూస్తూ తేల్చేసింది. అలాంటి మనిషి ఏమీ తేల్చుకోలేక తిరిగిన రోజులు వచ్చాయి కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఆమె ఉద్యోగంలో చేరిన పంతొమ్మిదో ఏట పెనుగాలి వచ్చింది. పట్టపగలు, భోజనాల వేళకి. తొమ్మిది తలుపులూ దించి, చక్రాలకి గొలుసులు బిగించి, ఆమె గదిలో కూర్చుంది. సముద్రం తలుపుల జోలికే రాలేదు. అక్కడికి ఒక పరుగు దూరంలో కరకట్ట మీదుగా పొర్లింది. పొర్లి, కట్టని కోసి, మా చేలల్లో పడింది.

గాలి తగ్గాక ఆ నీరు వదిలెయ్యాలని అత్త చక్రాలు పట్టుకుంది. అయిదు లేచాయి, నాలుగు కదల్లేదు. లోపలివైపు వాటికి గుండెల ఎత్తు ఒండ్రు పేరుకుని బిగుసుకుపోయింది. ఏళ్ళ తరబడి ఏరు తెచ్చిన మట్టి సముద్రానికి చేరకుండా అక్కడే ఆగిపోయిందన్నమాట. ఉప్పునీరు మా చేలల్లో పదకొండు రోజులు నిలిచింది. నాన్న మోకాళ్ళ లోతులో నిలబడి, కోపంగా కాదు, ఎవరో పొడుపుకథ వేస్తే విప్పలేనివాడిలా అన్నాడు, లోపలికి రాకుండా కట్టిన తలుపులు బయటికి పోకుండా పట్టుకున్నాయేమిటని.

అత్త మాత్రం నెలరోజులు ఒకే మాట అడిగేది. కనబడ్డవాళ్ళందరినీ అడిగేది.

"నేను అన్నీ దించాను. ఒక్కటి కూడా వదల్లేదు. మరి ఎలా వచ్చింది?"

రైతులు ఆఫీసుకి అర్జీ పెట్టారు. తలుపులు పాతబడ్డాయి, సందుల్లోంచి ఉప్పు కారుతోంది, కొత్త రబ్బర్లు వెయ్యాలన్నారు. కరకట్ట పూడ్చారు. పలకలకి అడ్డుపడ్డ ఒండ్రు పైపైన తీశారు. మరుసటి చలికాలం పోతూండగా రబ్బర్లు వచ్చాయి. ఆరో తలుపు అన్నిటికన్నా ఎక్కువ కారేది. దాని అంచున నాచు పచ్చటి తివాచీలా పట్టి ఉండేది. అత్త నిచ్చెన దిగి, ఆ నాచంతా గీకి, పాత రబ్బరు కోసి, కొత్తది తనే బిగించింది. ఒక్క చుక్క కారలేదు. ఆ రోజు రిజిస్టర్లో "ఆరో తలుపు బాగు చేయబడినది" అని రాసి కింద గీత కూడా గీసిందట.

మూడో రోజు ఉదయం పోటు వేళ బయటివైపు తొంగి చూస్తే, ఆరో తలుపు మూల తెల్లగా నురగలాంటిది కనబడింది. దిగి దోసిట్లోకి తీసుకుంది. నురగ కాదు. వేలెడంత గాజుదారాలు, ఒక్కోదానికి రెండు నల్లచుక్కల కళ్ళు. చాలావరకు చచ్చిపోయాయి. బతికినవి తడి గోడ పట్టుకుని పైకి పాకుతున్నాయి, మొన్నటిదాకా నీరు కారిన చోటికే. అక్కడికి చేరి, రబ్బరుకి మూతి ఆనించి, జారిపడుతున్నాయి.

అత్త కొన్నిటిని గాజుగ్లాసులోకి పట్టుకుని నేరుగా మరిది ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. గ్లాసు వెలుగుకి ఎత్తి చూసి, ఇవి మలుగు పిల్లలు వదినా అన్నాడు. పాములా పొడుగ్గా ఉండే చేప. ఎక్కడో నడిసముద్రంలో పుడతాయి, పెరగడానికి మాత్రం ఏరు వెతుక్కుంటూ వస్తాయని చెప్పాడు. ఇవే కాదు, రొయ్యలు, పీతలు, జాలర్లు పట్టే చేపల్లో సగానికి సగం, పసితనంలో మొగలోనే ఉంటాయి. ఉప్పూ తీపీ కలిసిన ఆ బురదనీళ్ళలో పెద్దచేపకి అవి కనబడవు, తిండికి లోటుండదు. కాస్త ఒళ్ళు చేశాక ఎవరి దారిన అవి పోతాయి. తలుపులు కట్టాక ఆ చోటు మూరెడు మిగిలింది. ఆ మూరెడులో ఎన్ని బతుకుతాయన్నాడు.

ఆయన సొంత పడవ అమ్మేసి మంచు ఫ్యాక్టరీలో పనికి కుదిరి అప్పటికి ఏడేళ్ళు. వలలు సరదాకి కుట్టేవాడని మేమంతా అనుకునేవాళ్ళం.

"మరి ఇన్నేళ్ళలో నాకొక్క మాట చెప్పలేదేం?" అంది అత్త.

ఆయన సూది ఆపలేదు. "ఏం చెప్పమంటావు వదినా. అన్నయ్య తిప్పిన చక్రం అది. ఆయన పోయాక నీకు కూడు పెట్టింది అదే. నోటికాడి కూడు లాగేసేంత వాణ్ణి కాదు."

అత్త గ్లాసుతో వెనక్కి నడిచింది. వంతెన మధ్యకి వచ్చి ఆగింది. ఆ మిగిలిన పిల్లల్ని వదలాలి. ఎటు వదలాలి? లోపల వదిలితే అవి ఇంతకాలం రాకుండా చూసిన ఉద్యోగం ఏమైనట్టు? బయట వదిలితే మళ్ళీ అదే గోడ. చాలాసేపు నిలబడింది. చివరికి సగం ఇటు పోసింది, సగం అటు పోసింది. ఎందుకలా చేశానో నాకే తెలియలేదే అని తరవాత నాతో చెప్పింది. అప్పుడు కూడా ఆమె ముఖంలో నవ్వు లేదు.

ఆ రోజుల్లోనే ఒక పరిశోధకురాలు మొగ దగ్గరికి వచ్చి పోతూండేది. నలభై ఏళ్ళు ఉంటాయి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, సంచీ నిండా సీసాలు. నీళ్ళు పట్టేది, బురద పట్టేది, సీసాలకి చీటీలు అంటించేది. సీసాలమ్మ అని పేరు పడిపోయింది. ఎండ ముదిరితే అత్త గదిలో కూర్చుని టీ తాగేది. అత్త తనంతట తాను ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. ఈసారి అడిగింది. నేను చదువు ముగించి ఇంటికి వచ్చేశాను, ఆ రోజు అక్కడే ఉన్నాను.

సీసాలమ్మ ఓపిగ్గా చెప్పింది. ఏరు తెచ్చే ఒండ్రు బయటికి పోవాలి. మొగ దగ్గర అది పరుచుకుంటే దాని మీద గడ్డీ రెల్లూ లేస్తాయి. కెరటం కట్టని తాకేలోగా ఆ బురదలో, ఆ రెల్లులో సగం బలం పోగొట్టుకుంటుంది. ఇప్పుడు ఒండ్రు తలుపుల వెనకే ఆగిపోతోంది. బయట బురదనేల తిండి లేనట్టు చిక్కిపోయింది, రెల్లు చచ్చింది. పెనుగాలి రోజున కెరటానికి, కరకట్టకి మధ్య ఏమీ మిగల్లేదు.

"అంటే సముద్రాన్ని ఆపినందుకే సముద్రం వచ్చిందంటారా?" అంది అత్త.

"అంత సూటిగా చెప్పలేనండి."

"పోనీ వంకరగా చెప్పండి."

సీసాలమ్మ నవ్వింది కానీ అత్త నవ్వలేదు. తలుపులు తెరిస్తే చేలు ఉంటాయా అని అడిగింది. పూర్తిగా తెరిస్తే పోతాయని జవాబు. మూసే ఉంచితే? అప్పుడూ పోతాయి, కాకపోతే నెమ్మదిగా. మరేం చెయ్యాలి? కొంచెం తెరిచి చూడాలి. కొంచెం అంటే ఎంత? అది చూస్తేగానీ తెలియదు. అత్త ఖాళీ గ్లాసులు తీసుకుని లేచింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

ఆ వారమంతా ఆమె అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది. పొద్దున ఒకటి అనేది, సాయంత్రం దాన్ని తనే కొట్టేసేది. అన్న మంచివాడు. మరిదీ మంచివాడే. చేను తప్పు చేసిందా? లేదు. చేపపిల్ల తప్పు చేసిందా? అదీ లేదు. తను ఏనాడూ నియమం తప్పలేదు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఈ చావు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఆమెకి అందలేదు.

ఎనిమిదో రోజు పోటు వేళ, ఆరో తలుపు చక్రం పట్టుకుంది. పలకని ఎత్తే ఇనుపకడ్డీ మీద వేళ్ళు ఆనించి కొలుచుకుంటూ, సరిగ్గా రెండు వేళ్ళ ఎత్తు లేపింది. గంటసేపు ఉంచింది. కింద సందులోంచి ఉప్పునీరు లోపలికి సుడి తిరుగుతూ వచ్చింది, దాంతోపాటే ఆ గాజుదారాలూ వచ్చాయి. పాటు వేళ అదే తలుపు మళ్ళీ ఎత్తితే అడుగునున్న ఒండ్రు టీనీళ్ళ రంగులో బయటికి పోయింది. అప్పుడు దించేసి గదిలోకి వెళ్ళి రిజిస్టర్ తీసి, రిమార్కుల గడిలో రాసింది. "ఆరో తలుపు రెండు వేళ్ళు ఎత్తాను. గంటసేపు. చేపపిల్లలు లోపలికి పోయాయి. తప్పో ఒప్పో తెలియదు."

ప్రతిరోజూ ఎత్తింది. ప్రతిరోజూ అదే రాసింది, చివరి మాటతో సహా.

నెలాఖరుకి రిజిస్టర్ ఆఫీసుకి వెళ్తుంది, అక్కడ ఇంజనీరు గారు సంతకం పెడతారు, తిరిగి వస్తుంది. ఆ రిజిస్టర్ వెళ్ళిన రోజు అత్త గదిలో తన సామానంతా ఒక మూల సర్దిపెట్టుకుంది. ఉద్యోగం పోతుందనుకుంది. నాలుగో రోజున తిరిగి వచ్చింది. పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో సంతకం, తేదీ. వద్దని లేదు, సరేనని లేదు. ఆమె భయం పోయింది కానీ అయోమయం రెండింతలైంది. నన్ను పిలిపించి చూపించింది.

"దీనర్థం ఏమిటే? ఒప్పుకున్నట్టా?"

ఎవరూ చదివి ఉండరత్తా అన్నాను. చదవకుండా సంతకం ఎందుకు పెడతారని అడిగింది. ఇరవయ్యేళ్ళుగా ఒక్క పూట తప్పకుండా ఆ గడులు నింపిన మనిషి ఆమె.  అలా నాలుగు నెలలు వెళ్ళింది, నాలుగు సంతకాలు వచ్చాయి.

ఆ నాలుగు నెలల్లో కొంగలు వచ్చి తలుపుల లోపలి గట్టున వరసగా నిలబడడం మొదలుపెట్టాయి. వలల మావయ్య ఫ్యాక్టరీ నుంచి వస్తూ వంతెన మీద సైకిల్ ఆపి, వాటినీ నీళ్ళనీ చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవాడు. అడిగితే వదినకి ఇబ్బంది అనుకున్నాడో ఏమో.

అడిగింది మా నాన్న. ఒకరోజు ఉదయం కాలువ తూము దగ్గర ఆయన కాలి బొటనవేలిని ఏదో కొరికింది. చూస్తే పీత. పక్కనే ఇంకో రెండు. ఇరవయ్యేళ్ళుగా ఆ కాలువలో పీత లేదు. నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశాడు. ఉప్పుప్పగా ఉన్నాయి. పల్లపు చేను అంచున పైరు పసుపు తిరుగుతూండడం అప్పుడు గమనించాడు. తువ్వాలు భుజాన వేసుకుని వంతెన దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లాయ్, కాలువలోకి పీతలెలా వచ్చాయి?"

రబ్బరు చిరిగిందని చెప్పొచ్చు. ఆఫీసువాళ్ళు చెప్పారని చెప్పొచ్చు. ఆమె అలాంటివేవీ చెప్పలేదు.

"నేనే వదిలానన్నయ్యా. ఆరో తలుపు రెండు వేళ్ళు ఎత్తుతున్నాను."

 ఎందుకని అడిగాడట నాన్న. ఆమె చెప్పడానికి చూసింది. గాజుదారాల సంగతి, బురద సంగతి, కెరటం సగం చావడం, అన్నీ కలగాపులగంగా చెప్పింది. తనకే సరిగ్గా అర్థంకాని సంగతి ఇంకొకరికి అర్థమయ్యేలా ఎలా చెబుతుంది? నాన్న విన్నంతసేపు విన్నాడు.

"నీ తలుపుల్ని నమ్ముకుని మన నాన్న ఆ పల్లం కొన్నాడు. నేను నిన్ను నమ్ముకుని దున్నుతున్నాను" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

మరునాడు ఆఫీసుకి ఫిర్యాదు రాశాడు. రాసింది చెల్లెలి మీద కాబట్టి రెండుసార్లు చింపి మళ్ళీ రాశాడని అమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి ఇంట్లో అత్త మాట ఎత్తలేదు. అమ్మ మాత్రం నా చేత ఆమెకి కూర పంపేది. నాన్న చూసీ చూడనట్టు ఉండేవాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నది మా అమ్మ పరిస్థితి కూడా అయింది.

ఒకరోజు పదకొండు గంటలకి విచారణకి జీపు వచ్చింది. ఇంజనీరు గారు, వెంట ఒక గుమాస్తా. నేను కుర్చీలు వేసి, గుమ్మం పక్కన నిలబడ్డాను. ఇంజనీరు గారు చెడ్డమనిషి కాదు, పని ఎక్కువై విసిగిపోయినవాడిలా కనబడ్డాడు. ఎవరిని అడిగి ఎత్తావమ్మా అని అడిగాడు. ఎవరినీ అడగలేదు సార్, రాశాను అంది అత్త. రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. రెండు మూడు గడులు చదివేసరికి కనుబొమలు లేచాయి. పేజీ తిప్పాడు. అడుగున ఆకుపచ్చ సంతకం. ఇంకో నెల తిప్పాడు, మళ్ళీ అదే సంతకం. మూడోది, నాలుగోది. ప్రతి సంతకం మీదా ముప్పై సార్లు "తప్పో ఒప్పో తెలియదు". గుమాస్తా కిటికీలోంచి సముద్రాన్ని చాలా శ్రద్ధగా చూడసాగాడు. ఇంజనీరు గారు మంచినీళ్ళు అడిగి, గ్లాసుడూ తాగాడు.

"దీన్ని ఏమనాలమ్మా?"

"నాకు తెలియదు సార్. మీరు సంతకం పెట్టారు కదా, మీకు తెలుసేమో అనుకున్నాను."

అందులో వెటకారం ఇసుమంత కూడా లేదు. నాలుగు నెలలుగా ఆమె నిజంగానే అలా అనుకుంది, ఆయనకి తెలిసే ఉంటుందని. ఆ సంగతి ఆయనకీ అర్థమైందనుకుంటాను. ముఖం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు. కొలతలు తీసే ఆ పరిశోధకురాలు ఎక్కడుంటుందని అడిగాడు.

పది రోజుల్లో కాగితం వచ్చింది. ఆరో గేటును పరీక్ష నిమిత్తం పాక్షికంగా తెరుచుటకు అనుమతి. మొదలైన తేదీ చూస్తే నాలుగు నెలల కిందటిది. అత్త ఆ తేదీ వేలితో చూపించి, అప్పుడు నాకెవరూ చెప్పలేదే అంది. దొంగ చేతికి తాళాలివ్వడం వినలేదా అత్తా అన్నాను. ఆమెకి నచ్చలేదు. నేను దొంగనని నువ్వు ఖాయంగా అనుకుంటున్నావా అని అడిగింది. ఆ రోజుల్లో ఆమెతో హాస్యమాడడం కూడా కష్టంగా ఉండేది.

పరీక్ష రెండేళ్ళు సాగింది. సీసాలమ్మ కాలువ పొడుగునా కర్రలు పాతి ఉప్పు కొలిచింది. ఉప్పు మా పల్లపు చేను దాకా వచ్చి, పాటులో వెనక్కి పోతోందని తేలింది. మెరక చేలకి ఏమీ కాలేదు. పల్లంలో సగం మాత్రం పైరు పనికిరాకుండా పోయింది, అక్కడ రెల్లు లేచింది. కాబట్టి నష్టం ఎవరికీ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మా నాన్నకి ఉంది. తలుపులకి బయట బురదనేల జానెడు ఎత్తు పెరిగి పచ్చబడింది. వలల మావయ్య ఎవరిదో పడవ పంచుకుని వారానికి మూడు రోజులు మొగలోకి వెళ్తున్నాడు. మిగతా రోజులు ఇంకా మంచు ఫ్యాక్టరీలోనే.

మూడో ఏట మళ్ళీ గాలి వచ్చింది. నీళ్ళు కరకట్ట నడుం దాకా లేచి, పొర్లకుండా తగ్గాయి. కట్ట మీద గుమిగూడిన జనంలోంచి నాన్న ముందుకి వచ్చి, బురద వల్లే ఆగిందా అని సీసాలమ్మని అడిగాడు. ఆవిడ నిజాయితీ గల మనిషి. బురద వల్ల కావచ్చు, గాలే కిందటిసారి కన్నా చిన్నది కావచ్చు, ఒక్క గాలితో చెప్పలేమండి అంది. ఇంత చదువుకున్నవాళ్ళే ఇలా అంటే మేం ఏ గోడకి తల కొట్టుకోవాలని నాన్న గొణిగాడు. అత్త మాత్రం ఆ జవాబు విన్నాక తేలికపడింది. తెలియనిది తనొక్కదానికే కాదని ఆమెకి అప్పుడే తెలిసిందనుకుంటాను.

అన్నా చెల్లెళ్ళ మధ్య మాట కలిసింది ఆ గాలి వల్ల కాదు. పరీక్ష మొదలైనప్పటి నుంచి, అది ముగిశాక కూడా, తలుపు ఎత్తి ఉన్న గంటసేపూ నాన్న కాలువ తూము మూసి ఉంచాలి. పోటు వేళ రోజుకి ముప్పావుగంట చొప్పున జరుగుతుంది. కాబట్టి ఆ గంట ఎప్పుడన్నది రోజూ తెలుసుకోవాలి. రెండేళ్ళూ ఆ కబురు నేను మోశాను. తరవాత నాకు పట్నంలో ఉద్యోగం వచ్చింది. నేను వెళ్ళిన మర్నాడు నాన్న వంతెన మీదికి వచ్చి, గదిలోకి అడుగు పెట్టకుండా, చక్రాలతో చెబుతున్నట్టు అడిగాడట.

"రేపు ఎన్నింటికి?"

"పది ఇరవైకి ఎత్తుతాను. పదకొండు ఇరవైకి దించుతాను."

"గడియారం సరిగ్గా పనిచేస్తోందా?"

"నీ వాచీ కన్నా నయమే."

మూడో రోజు గుమ్మం దాకా వచ్చాడు. వారానికి కుర్చీలో కూర్చున్నాడు. పల్లంలో లేచిన రెల్లు కొట్టెయ్యనా ఉంచనా అన్నది వాళ్ళిద్దరూ ఆ తరవాత ఎన్నో పూటలు మాట్లాడుకున్నారు, ఎటూ తేలలేదు. రెల్లు ఇంకా ఉంది.

సర్వీసు ఇరవై ఆరేళ్ళు నిండాక, కిందటేడు, అత్త ఉద్యోగం విరమించింది. కొన్నాళ్ళు నా దగ్గర ఉండమని పట్నం తీసుకొచ్చాను. మాది మూడో అంతస్తు. మొదటి రోజు వంటింట్లో గిన్నె కడిగి, సింకులో తిరుగుతూ దిగిపోతున్న నీళ్ళని చూసి, ఇవెక్కడికి పోతాయే అని అడిగింది. గొట్టంలోకి అన్నాను. గొట్టం? వీధి మురుగుకాలువలోకి. అది? ఆగిపోయాను. ఆ ఇంట్లో అప్పటికి నాలుగేళ్ళ నుంచి ఉంటున్నాను. పక్కింటావిడని అడిగితే తెలియదంది. కింద వాచ్‌మన్ మున్సిపాలిటీవాళ్ళకి తెలుస్తుందన్నాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే అత్త చెప్పులేసుకుని తయారైంది. కాలువ వెంటే నడిచాం. మందుల షాపు పక్కనుంచి, స్కూలు వెనకనుంచి, రెండుచోట్ల రోడ్డు కింద దూరి మళ్ళీ పైకి వచ్చింది. దారిలో అడిగిన నలుగురూ నాలుగు దిక్కులు చూపించారు. ఒకాయన చెరువులోకన్నాడు, ఒకాయన అసలిది ఎక్కడికీ పోదన్నాడు. రెండు గంటలు నడిచాక కాలువ ఒక పొడవాటి గోడ కిందికి వెళ్ళి మాయమైంది. గేటు దగ్గర కాపలా అతను, అవతల ఖాళీ జాగా, మట్టి పోసి మెరక చేస్తున్నారని మాత్రం చెప్పగలిగాడు. గాలిలో మురుగువాసన మధ్య ఇంకేదో వాసన ఉంది. నాకు ఆనవాలు పట్టడం రాలేదు. అత్త ముక్కు ఎగబీల్చి, ఉప్పు అంది, కాదేమో అని వెంటనే తనే అంది. గోడ పక్కన ఇటుకల గుట్ట ఉంది. చీర కొంగు నడుముకి దోపుకుని, నా భుజం పట్టుకుని, దాని మీదికి ఎక్కింది.

"ఏం కనబడుతోందత్తా?"

"ఉండవే, చూడనీ" అంది.